రాజముద్రతో వచ్చిన ఓడదొంగలు

ఓడదొంగ అనగానే మన కళ్ళ ముందు కదిలే బొమ్మ మనది కాదు. కంటికి నల్లగుడ్డ, భుజాన చిలక, పుర్రె జెండా, ఇసుకలో పాతిన పెట్టె ఇంగ్లిషు నవలల మీదుగా, డబ్బింగ్ సినిమాల మీదుగా మన దాకా వచ్చాయి. అందుకే తెలుగు తీరానికి ఓడదొంగల చరిత్ర ఉందా అని అడిగితే లేదనే జవాబు చటుక్కున వచ్చేస్తుంది. అది కరీబియన్ వాళ్ళ కథ, మలబారు వాళ్ళ కథ, ఈమధ్య సోమాలియా వాళ్ళ కథ అనుకుంటాం. గాజువాకలో ఉండేవాళ్ళు ఆ జవాబుతో ఊరుకోలేరు. ఒక పక్క హిందుస్థాన్ షిప్‌యార్డు, ఇంకో పక్క గంగవరం పోర్టు, విదేశాల నుంచి ఓడల్లో దిగే బొగ్గుతో నడిచే ఉక్కు కర్మాగారం, షిప్పు ఉద్యోగానికి వెళ్ళిన కొడుకు ఫోను కోసం ఎదురుచూసే ఇళ్ళు ఉన్న చోటు ఇది. నడిసముద్రంలో ఓడను ఎవరు ఆపుతారు, ఏ హక్కుతో ఆపుతారు అన్నది ఇక్కడ కూడూగుడ్డకు సంబంధించిన ప్రశ్న. దొరికిన ఆధారాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: తెలుగు తీరంలో సముద్రపు దోపిడీ తక్కువేమీ కాదు. అయితే దోచుకున్నవాడి చేతిలో చాలాసార్లు ఏదో ఒక ప్రభువు ఇచ్చిన కాగితం ఉంది. ఆ కాగితాన్ని చూసి చరిత్ర రాసినవాళ్ళు అతన్ని దొంగల పద్దులోంచి తీసేశారు. ఓడలో ఉన్నవాళ్ళ వైపు నుంచి చూస్తే ఆ పద్దు వేరే రకంగా ఉంటుంది.

మొదటి సాక్ష్యం ఒక రాతి స్తంభం. బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లెటూరు, కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. కాకతీయుల గురించి రాసేవాళ్ళు దీన్ని విదేశీ వర్తకాన్ని ప్రోత్సహించిన శాసనంగా చెబుతారు. అది నిజమే, కానీ అందులో అంతకంటే బరువైన మాట ఒకటుంది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుపానుకు చిక్కి, పగిలి, తమ ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోంచి పూర్వపు రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాగేసుకునేవారని శాసనమే ఒప్పుకుంటోంది. ప్రాణం కంటే ధనమే ముఖ్యమనుకుని సముద్రం మీదికి సాహసించే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం తాను ఆ పని మానుకుంటున్నానని, న్యాయంగా రావలసిన సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు మాట ఇస్తున్నాడు. ఆ సుంకం సరుకులో ముప్పయ్యో వంతు. కర్పూరం, చందనం, పన్నీరు, దంతం, పట్టు, ముత్యాలు, పగడాలు, మిరియాలు వంటి సరుకుల మీద రేట్లు కూడా అక్కడే చెక్కించాడు. ఒడ్డున దోపిడీ చేసేది మరెవరో కాదు, రాజేనని రాజశాసనమే రాతి మీద చెప్పడం మన చరిత్రలో మామూలు విషయం కాదు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు ఇటుగా వచ్చిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని మెచ్చుకున్నాడు. పడమటి తీరంలోని ఏలి రాజ్యం గురించి రాస్తూ మాత్రం, తమ రేవుకని బయల్దేరకుండా దారితప్పి వచ్చిన ఓడను అక్కడివాళ్ళు దేవుడు పంపిన సొత్తుగా దోచుకుంటారని చెప్పాడు. గణపతిదేవుడు మానిపించిన ఆచారం మిగతాచోట్ల బతికే ఉందన్నమాట. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు. ఒకసారి ఇచ్చిన మాట దానంతటదే నిలవలేదనే దీని అర్థం.

గణపతిదేవుడిది దయ కాదు, సుంకం మీద ఆశ అని ఎవరైనా అనవచ్చు. కావచ్చు. వర్తకులు రాకపోతే కోశం నిండదని ఆయనకు తెలియకపోదు. దానివల్ల శాసనం విలువ తగ్గదనే నేను అంటాను. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఎవరికి దక్కాలన్నది అప్పటిదాకా బలాన్ని బట్టి తేలేది. ఇప్పుడు అది ముందుగా చెప్పిన లెక్కను బట్టి తేలుతుంది. ఆ లెక్క బలహీనుడినీ రాజునూ ఒకేలా కట్టేస్తుంది. ఈ వ్యాసంలో దోపిడీకీ వసూలుకీ మధ్య నేను గీసే గీత అదే. ఎంత తీసుకున్నారన్నది తర్వాతి మాట. ఓడ బయల్దేరక ముందే నాయకుడికి ఆ లెక్క తెలుసా, తెలిస్తే దాన్ని నమ్ముకోవచ్చా అన్నది అసలు పరీక్ష.

మన తీరంలో స్థానిక ఓడదొంగలు పెద్దగా కనిపించకపోవడానికి భూగోళం కారణమని కొందరంటారు. ఇందులో కొంత బలం ఉంది. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్‌లో పడమటి తీరం దగ్గర ఓడదొంగల ప్రస్తావన ఉంది. కృష్ణా ముఖద్వారం వైపు ఉన్న మసాలియా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాణ్యమైన నూలుబట్టల సంగతి తప్ప వాళ్ళ మాటే లేదు. టాలెమీ కూడా తన భూగోళ గ్రంథంలో ఓడదొంగల ప్రాంతాన్ని పడమటి తీరంలోనే చూపించాడు. కొంకణంలో, మలబారులో ఓడలు దాక్కోవటానికి కాలవలు, దీవులు, కొండచరియలు ఉన్నాయి. విశాఖ నుంచి కళింగపట్నం దాకా తిన్నగా పోయే ఇసుక ఒడ్డు మీద ఎడతెగని కెరటాల పోటు. 1933లో విశాఖ ఓడరేవు తెరిచేదాకా ఓడలు దూరంగా లంగరు వేసి, కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన మసులా పడవల్లో సరుకు దింపుకోవలసిందే. అలాంటి ఒడ్డు మీద వేగంగా దాడి చేసి మాయమవటం కష్టం. కాకపోతే పెరిప్లస్ రాసినవాడు తూర్పు తీరాన్ని పడమటి తీరమంత బాగా ఎరిగినట్టు కనిపించదు, అతను చెప్పలేదని ఇక్కడ లేరనుకోలేం. పైగా గోదావరి, కృష్ణా పాయల్లో, కోరంగి మడ అడవుల్లో దాక్కునే చోట్లకు కొదవ లేదు. కాబట్టి నేలనీ నీటినీ చూసి మాత్రమే తీర్పు చెప్పలేం. సముద్ర వర్తకం అప్పటికే ఆయుధాలు పట్టిన సంఘాల చేతిలో ఉందన్న సంగతీ చూడాలి. ఐనూర్వరు వంటి వర్తక శ్రేణులు సొంత సైనికులను వెంట తిప్పుకునేవి. రాజేంద్ర చోళుడు 1025 ప్రాంతంలో శ్రీవిజయం మీదికి నౌకలను పంపి, అక్కడి నుంచి తెచ్చిన ధనరాశులనూ రత్నాలు పొదిగిన తోరణాన్నీ శాసనాల్లో గర్వంగా చెప్పుకున్నాడు. సముద్రం దాటి దోచుకురావటం ప్రభువుకు ప్రతిష్ఠ అయిన కాలంలో ఆ పని సొంతంగా చేసే చిన్న దొంగకు మిగిలిన చోటు తక్కువ.

పోర్చుగీసువారు వచ్చాక ఈ పద్ధతికి కాగితం తోడయింది. హిందూ మహాసముద్రంలో తిరిగే ఓడ తమ దగ్గర కర్తాజ్ అనే అనుమతి పత్రం కొనాలని, లేకపోతే పట్టుకుని సరుకు లాగేసుకుంటామని వాళ్ళు పదహారో శతాబ్ది మొదటి ఏళ్ళ నుంచే చాటారు. ఆ నీళ్ళు వాళ్ళవి కావు, ఆ హక్కు వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు. అయినా మనుషుల్నీ ఫిరంగుల్నీ తెచ్చిన రాజు పేరుతో అది చట్టంలా నడిచింది. డచ్చివారు, ఇంగ్లిషువారు కూడా తమ పత్రాలు తెచ్చారు. పడమటి తీరంలో మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రే తన పత్రం లేని ఓడల్ని పట్టుకుంటే మాత్రం ఇంగ్లిషు రికార్డులు అతన్ని ఓడదొంగ అన్నాయి. చేసిన పని ఒకటే, రాసిన పుస్తకం వేరు. ఇవాళ ముంబైలో భారత నౌకాదళ స్థావరానికి ఆయన పేరే ఉంది.

తెలుగు తీరానికి సంబంధించి ఈ కాగితపు దోపిడీకి నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ మచిలీపట్నం (బందరు) మీద సామ్యూల్ వైట్ సాగించిన యుద్ధం. గోల్కొండ సుల్తానుల కింద బందరు అప్పుడు బంగాళాఖాతంలో పెద్ద రేవు. పెగూకి, ఆచేకి, మెర్గుయీకి, పారశీకానికి ఇక్కడి నుంచి ఓడలు పోయేవి. పక్కనే నర్సాపురం తీరంలో ఓడలు కట్టేవారు, మాధవాయపాలెంలో ఇంగ్లిషువారి వర్తక స్థావరం ఉండేది. వైట్ అనే ఇంగ్లిషువాడు ఈస్టిండియా కంపెనీ ఓడలో వచ్చి, ఆ కొలువు వదిలి, సయాం రాజు తరపున ఓడ నడిపేవాడు. సయాం ఏనుగులను అక్కడి రేవు మెర్గుయీలో ఎక్కించి బందరులో దింపటం అతని పని. అంటే ఇక్కడి రేవు లోతుపాతులు, ఇక్కడి వర్తకుల సరుకు, గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో అన్నీ తెలిసినవాడు. 1683లో అతను మెర్గుయీకి షాబందరు అయ్యాడు, అంటే రేవు మొత్తానికి అధికారి. సయాం రాజు నారాయ్ కొలువులో గ్రీకు దేశస్థుడు కాన్‌స్టాంటైన్ ఫాల్కన్ చక్రం తిప్పుతున్న రోజులవి. గోల్కొండతో తగాదా రాగానే వైట్‌కు సయాం తరపున యుద్ధం చేసే అధికారం దొరికింది. అతని కింద పనిచేసిన కెప్టెన్ కోట్స్ సాయుధమైన ఓడలతో వచ్చి బందరు, నర్సాపురం నీళ్ళలో వర్తకుల ఓడల్ని పట్టుకున్నాడు. పట్టుబడిన సరుకులో సయాం రాజుకు పోయిందెంత, వైట్ సొంత పెట్టెలోకి పోయిందెంత అన్నది అతని గుమాస్తా ఫ్రాన్సిస్ డావెన్‌పోర్ట్ తర్వాత అచ్చువేయించిన వృత్తాంతం చదివితే తెలుస్తుంది. లెక్కలు దిద్దటం, సాక్ష్యాలు తయారు చేయించటం, ఇంగ్లండుకు పారిపోయే ఏర్పాట్లు, అన్నీ అందులో ఉన్నాయి. 1687 జులైలో మెర్గుయీలో జనం తిరగబడి అక్కడి ఇంగ్లిషువాళ్ళను చంపేశారు. వైట్ తప్పించుకుని ఇంగ్లండు చేరాడు, అతన్ని ఓడదొంగగా ఎవరూ ఉరి తీయలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో గోల్కొండ కోట ఔరంగజేబుకు చిక్కింది. నష్టపోయిన బందరు వర్తకుల తరపున అడిగే రాజ్యమే లేకుండా పోయింది.

దీని పక్కన కెప్టెన్ కిడ్ కథ పెట్టి చూడండి. సముద్రపు దొంగలనూ ఫ్రెంచి ఓడలనూ పట్టుకోమని ఇంగ్లండు రాజు విలియం ఇచ్చిన పత్రంతోనే కిడ్ బయల్దేరాడు. 1698 జనవరిలో అతను పట్టుకున్న కేదా మర్చంట్ అనే ఓడ బెంగాలు నుంచి సరుకుతో సూరత్‌కు పోతోంది, ఓడ దగ్గర ఫ్రెంచి అనుమతి పత్రం ఉంది. కిడ్ వాదనంతా ఆ పత్రం మీదే నిలిచింది. అయితే అంతకు ముందే 1695లో హెన్రీ ఎవరీ మొగలుల గంజ్-ఇ-సవాయి ఓడను దోచి సూరత్‌లో కంపెనీ మనుషుల్ని జైలుపాలు చేయించాడు. ఔరంగజేబుకు కోపం తెప్పిస్తే వర్తకం మునుగుతుందని లండన్‌కు బాగా తెలుసు. విచారణలో కిడ్‌కు తన ఫ్రెంచి పత్రాలు దొరకలేదు, 1701లో ఉరి తీశారు. ఆ పత్రాలు ఇరవయ్యో శతాబ్దంలో లండన్ దస్తావేజుల్లో బయటపడ్డాయి. వైట్ నిర్దోషి కాదు, కిడ్ కూడా కాదు. ఒకడు బతికిపోయి ఇంకొకడు ఉరికంబం ఎక్కటానికి వాళ్ళు చేసిన పనుల్లో ఉన్న తేడా కారణం కాదు. దెబ్బతిన్నవాడి వెనక ఇంకా నిలబడి ఉన్న రాజ్యం కారణం.

ఇక్కడ గట్టి అభ్యంతరమే వస్తుంది. అందరూ ఒకటే అంటే ఎవరూ దొంగ కాదన్నట్టు అవుతుంది కదా, ఏ రాజ్యంతోనూ సంబంధం లేని క్రూరులు ఉన్నారు కదా అని. ఉన్నారు. పదిహేడో శతాబ్దంలో చిట్టగాంగు ఆసరాగా అరకానుకు చెందిన మగ్గులు, పోర్చుగీసు సంతతి ఫిరంగీలు బెంగాలు డెల్టా ఊళ్ళ మీద పడి మనుషుల్ని ఎత్తుకుపోయేవారు. బందీల అరచేతులకు చిల్లులు పెట్టి, వాటిలోంచి సన్నటి బెత్తం దూర్చి, వరసగా కట్టి, ఓడ అడుగున పడేసేవారని మొగలు అధికారి షిహాబుద్దీన్ తాలిష్ రాశాడు. కోళ్ళకు గింజలు చల్లినట్టు పై నుంచి వాళ్ళకు పచ్చి బియ్యం చల్లేవారట. ఆ బందీలను బానిసలుగా అమ్మేవారు, కొన్నవాళ్ళలో యూరపు కంపెనీలూ ఉన్నాయి. ఇది చదివాక దోపిడీ అన్నది చూసేవాడి కోణాన్ని బట్టి ఉంటుందని నేను అనలేను, అనను. కానీ ఈ దళాలు అరకాను రాజు నీడలో బతికాయి, కొల్లలో ఆయనకు భాగం ఇచ్చాయి. 1666లో షాయిస్తాఖాన్ చిట్టగాంగును పట్టుకోగలిగింది కూడా ఫిరంగీలు ఆ నీడ వదిలి మొగలుల వైపు తిరిగాకే. అరచేతిలో చిల్లు పడ్డవాడికి ఆ భాగాల పంపకంతో పనిలేదు. దొంగలందరినీ నిర్దోషుల్ని చేయాలని కాదు, కాగితం చూపించి తప్పించుకున్నవాళ్ళని కూడా అదే కొలతతో కొలవాలని నా పట్టు.

యుద్ధాన్ని దోపిడీతో కలపకూడదు అన్నది రెండో అభ్యంతరం. విశాఖ నీళ్ళలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోయిస్ మారెంగో అనే పెద్ద యుద్ధనౌకతో, రెండు ఫ్రిగేట్లతో విశాఖపట్నం ముందుకు వచ్చాడు. లంగరు వేసి ఉన్నవి మూడు ఓడలు: కంపెనీ సరుకు ఓడలు ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ, వాటికి కాపలాగా ఇంగ్లిషు యుద్ధనౌక సెంచూరియన్. కాపలా ఓడ కెప్టెన్ లిండ్ అప్పటికి ఓడ మీద లేడు, లెఫ్టినెంటు ఫిలిప్స్ పోరు మొదలుపెట్టాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి కెరటాల్లో పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది, ఫ్రెంచివారు దాన్ని సరుకుతో సహా తీసుకుపోయారు. సెంచూరియన్ తెరచాపలు చీలికలైనా నిలబడింది. లినోయిస్ దొంగ కాదు, తన దేశపు నౌకాదళ అధికారి, అది యుద్ధం. ఒప్పుకుంటాను. అంతకు కొన్నేళ్ళ ముందు బంగాళాఖాతంలో ఇంగ్లిషు ఓడల్ని వేటాడిన రాబర్ట్ సుర్‌కూఫ్ మాత్రం ప్రైవేటు పెట్టుబడితో ఓడ నడిపినవాడు. 1800లో కెంట్ అనే ఓడను పట్టి, వచ్చిన సొమ్ము పంచుకుని ధనవంతుడయ్యాడు. అతని దగ్గరా ప్రభుత్వ పత్రం ఉంది కనుక అతనూ వీరుడే. యుద్ధం అనే గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీసింది ఓడల యజమానులూ రాజ్యాలూ. ఓడల్లో జీతానికి పనిచేసిన లస్కర్లను ఆ గీత గురించి ఎవరూ అడగలేదు. బార్నబీ పగిలిన పూట కెరటాల్లో ఉన్నవాళ్ళకు అడిగే తీరికా లేదు.

కథలు ఈ సంగతిని మరుగుపరిచాయి. 1724లో కెప్టెన్ చార్లెస్ జాన్సన్ పేరుతో లండన్‌లో వచ్చిన ఓడదొంగల చరిత్ర, 1883లో పుస్తకంగా వచ్చిన స్టీవెన్‌సన్ ట్రెజర్ ఐలండ్, ఈ రెండూ ఓడదొంగను రాజ్యానికి పూర్తిగా బయటివాడిగా నిలబెట్టాయి. పత్రాలు ఇచ్చిన మంత్రులు, వాటాలు తీసుకున్న ప్రభువులు కథలోంచి జారిపోయారు. 2024లో వచ్చిన తెలుగు సినిమా దేవర ఈ విషయంలో ఒక మెట్టు ముందుంది. ఓడల మీది సరుకును రాత్రిపూట దించే తీరపు ఊళ్ళ కథ అది. ఆ సరుకు ఎవరికోసం దించుతున్నాం, దానితో ఎవరు చస్తున్నారు అన్న ప్రశ్న అందులో నాయకుడి చేత ఆ పని మాన్పించే శక్తిగా పనిచేస్తుంది. వీరత్వపు ఆర్భాటం మధ్య ఆ ప్రశ్న ఎక్కువసేపు నిలవకపోయినా, దోపిడీ వెనక కొనుగోలుదారు ఉంటాడని మన సినిమా చెప్పటం నాకు నచ్చింది.

ఇప్పటి చట్టం దగ్గరికి వస్తే, 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం ఓడదోపిడీ అంటే ప్రైవేటు ఓడలోని వాళ్ళు, సొంత ప్రయోజనం కోసం, ఏ దేశపు పరిధికీ చెందని సముద్రంలో, ఇంకో ఓడ మీద చేసే దాడి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపల జరిగితే అది ఓడల మీద సాయుధ దొంగతనం. అంటే విశాఖ, కాకినాడ లంగరు ప్రాంతాల్లో రాత్రివేళ ఓడెక్కి మూరింగ్ తాళ్ళు, సామాన్లు ఎత్తుకుపోయే ఘటనలు ఆసియా దేశాల ఉమ్మడి నివేదికల్లో నమోదైనా, చట్టం దృష్టిలో ఓడదోపిడీ కావు. భారతదేశానికి చాలాకాలం ప్రత్యేక చట్టమే లేదు. 1999లో ఆలోండ్రా రెయిన్‌బో అనే జపాను యాజమాన్యపు ఓడను దొంగిలించినవాళ్ళను మన కోస్టుగార్డు, నౌకాదళం వెంటాడి పట్టుకున్నాయి. ముంబైలో 2003లో శిక్ష పడింది, 2005లో హైకోర్టు కొట్టేసింది. సముద్రంలో చేసిన శ్రమ కోర్టులో నిలవలేదు. 2022 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సముద్ర దోపిడీ నిరోధక చట్టం ఆ లోటు తీర్చింది. 2024 మార్చిలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా రూయెన్ ఓడను విడిపించి, 17 మంది సిబ్బందిని కాపాడి, 35 మంది సోమాలీ దొంగల్ని ముంబై పోలీసులకు అప్పగించగలిగింది దాని అండతోనే. ఇది మన నౌకాదళం గర్వించదగిన పని, సందేహం లేదు. పక్కనే చేదు అనుభవమూ ఉంది. 2008 నవంబరులో ఐఎన్‌ఎస్ తబర్ దొంగల ఓడ అనుకుని ముంచింది నిజానికి దొంగలు ఎత్తుకుపోయిన థాయిలాండ్ చేపల ఓడ. కాల్పులు మొదలుపెట్టింది దొంగలేనని నౌకాదళం చెప్పింది. ఓడలో బందీలుగా ఉన్న జాలర్లలో ప్రాణాలతో దొరికింది ఒక్కడే. 2010లో సోమాలీ దొంగలకు చిక్కిన ఆస్ఫాల్ట్ వెంచర్ ఓడ సంగతి ఇంకో రకం. డబ్బు ముట్టాక ఓడను వదిలారు కానీ, భారత్ పట్టుకున్న తమవాళ్ళకు బదులుగా ఏడుగురు భారతీయుల్ని అట్టిపెట్టుకున్నారు. వాళ్ళు ఇల్లు చేరేసరికి 2014 వచ్చింది.

సోమాలీ దొంగల చేతిలో పడటం కంటే మన నావికులకు ఇప్పుడు మరో ప్రమాదం పెరుగుతోంది. 2022 ఆగస్టులో హీరోయిక్ ఇదున్ అనే చమురు ట్యాంకరు నైజీరియా తీరంలో ఉండగా చీకట్లో ఒక పడవ దగ్గరికి వచ్చింది. దొంగలనుకుని ఓడ పారిపోయింది, సహాయం కోరుతూ సందేశం పంపింది. వచ్చినవాళ్ళు నైజీరియా నౌకాదళం వాళ్ళు. ఓడ ఈక్వటోరియల్ గినియాకు, అక్కడి నుంచి నైజీరియాకు చేరింది. 16 మంది భారతీయులతో సహా 26 మంది సిబ్బంది మీద పెట్టిన కేసుల్లో, దొంగలు వెంటపడ్డారని అబద్ధం చెప్పారన్నది ఒకటి. 2023 మే దాకా వాళ్ళు విడుదల కాలేదు. 2024 ఏప్రిల్లో హోర్ముజ్ జలసంధి దగ్గర ఇరాన్ బలగాలు హెలికాప్టరు నుంచి తాళ్ళ మీద దిగి ఎమ్మెస్సీ ఏరీస్ అనే సరుకు ఓడను పట్టుకున్నాయి. అందులోని 25 మందిలో 17 మంది భారతీయులు. ఈ రెండు చోట్లా పట్టుకున్నవాళ్ళ దగ్గర రాజ్యపు అధికారం ఉంది, చట్టబద్ధమనే వాదన ఉంది. సొంత ప్రయోజనం అనే షరతు వల్ల వీటిని ఓడదోపిడీ అనడానికి వీల్లేదు. దేశాలకు తమ నీళ్ళలో ఓడల్ని ఆపి సోదా చేసే హక్కు ఉండాల్సిందే కదా అంటే, ఉండాలి. చమురు దొంగతనం నైజీరియాను పీల్చేస్తున్న మాట వాస్తవం. ఆ హక్కు ఓడ మీదా సరుకు మీదా యజమాని మీదా నడవాలి. కంపెనీ చెప్పిన చోటికి ఓడ నడిపిన సెకండ్ ఇంజినీరు, వంటవాడు నెలల తరబడి తాకట్టు వస్తువులు కాకూడదు.

ఈ తేడా నావికుడి ఇంట్లో జీతం రూపంలో కనిపిస్తుంది. భారత్ 2015లో ఆమోదించిన అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందానికి 2018లో ఒక సవరణ చేశారు. అది 2020 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఓడదోపిడీ వల్లనో ఓడల మీద సాయుధ దొంగతనం వల్లనో బందీ అయిన నావికుడి ఒప్పందం ముగిసిపోయినట్టు చూపకూడదు, విడుదలై ఇల్లు చేరేదాకా జీతం ఆగకూడదు అని దాని సారాంశం. ఎన్నో ఏళ్ళ పోరాటంతో వచ్చిన మంచి నిబంధన అది. కానీ పట్టుకున్నవాడు ఒక దేశపు నౌకాదళం అయితే ఆ వాక్యం వర్తించదు. గాజువాక నుంచి షిప్పెక్కిన కుర్రాడిని సోమాలీ దొంగలు పట్టుకుంటే అతని తల్లికి జీతం అడిగే హక్కు ఆ నిబంధన ఇస్తుంది. యూనిఫాం వేసుకున్నవాళ్ళు పట్టుకుంటే ఆమె కంపెనీ దయ మీద, ఏజెంటు ఫోను ఎత్తటం మీద ఆధారపడాలి. ఆ నిబంధనలో నావికుడి తప్పు లేకుండా జరిగే ఏ నిర్బంధాన్నైనా చేర్చమని అడగటానికి, ప్రపంచానికి ఇంతమంది నావికుల్ని పంపుతున్న మన దేశానికి పూర్తి అర్హత ఉంది. అడగవలసింది డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్, నావికుల సంఘాలు కలిసి.